మూలం పక్కనే టీక

మా కర్నూలు లాబులో షెల్ స్క్రిప్టు ఒకచోట, దాని వివరం రికార్డు బుక్కులో ఇంకోచోట. స్క్రిప్టు పదిసార్లు మారుతుంది. రికార్డు మాత్రం సంతకం పడిన రోజే ఆగిపోతుంది. సీనియర్లు వెళ్ళిపోయాక ఏ వేరియబుల్ ఎందుకుందో చెప్పే దిక్కుండదు.

ఈ సంగతి మన సీమకు కొత్తేం కాదు. 1820లో కడపకొచ్చిన బ్రౌన్ దొర పండితులను పెట్టి కావ్యాలకు టీకలు రాయించాడు. టీక మూలాన్ని అంటిపెట్టుకుని ఉంటేనే పనికొస్తుంది.

మనమూ అలాగే చేద్దాం. ప్రతి ఫంక్షన్ నెత్తిన రెండు హాష్ గుర్తులు పెట్టి, అది ఏం తీసుకుంటుందో, ఏమిస్తుందో, ఎందుకు రాశామో రాద్దాం. షెల్లు ఆ లైన్ల జోలికి పోదు. వాటిని ఏరి మాన్యువల్‌గా కూర్చడానికి నాలుగు లైన్ల ఆక్ ప్రోగ్రాం చాలు. జావాకు జావాడాక్ చేసేదీ ఇదే.

యంత్రమే రాస్తే విద్యార్థి ఏం నేర్చుకుంటాడని కొందరు మాస్టార్ల అనుమానం. అయ్యా, యంత్రం రాయదు, ఏరుతుంది, అంతే! సీపీ కమాండు మీద "ఫైలు కాపీ చేయును" అని రాసే మహానుభావుడికి ఏ ఆక్ వచ్చినా ఏం చేస్తుంది? కాపీ ఎందుకో చెప్పాలి. అది మనిషి పని.

అందుకే, రికార్డు మార్కుల్లో సగం కామెంట్లకివ్వమని లెక్చరర్లను అడుగుతున్నాను. ఈ ఏడే మొదలుపెట్టండి.