రహీం లీగ్‌కు మైదానం, ఉద్యోగాలు కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,
హైదరాబాద్, సికింద్రాబాద్ బస్తీల ఫుట్‌బాల్ ఆటగాళ్లు, కోచ్‌లు, రెఫరీలు నమస్కరించి సమర్పించుకుంటున్న వినతి.

అయ్యా,

మా నగర లీగ్‌ను నేటికీ రహీం పేరుతోనే పిలుస్తాం. బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1963లో కన్నుమూసేదాకా ఆ బాధ్యత మోశారు. బంతిని కాలికి అంటిపెట్టుకుని పరుగెత్తే అలవాటు మాన్పించడానికి డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టారు. అందిన బంతిని వెంటనే సహచరుడికి ఇవ్వాల్సిందే. ఆయన శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం మనవాళ్లే. వాళ్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. బస్తీ క్లబ్బుల్లో, ఆఫీసు జట్లలో రాటుదేలినవాళ్లు.

బస్తీ క్లబ్బులకూ ఆఫీసు జట్లకూ మధ్య ఉన్న ఆ అల్లికే మా లీగ్ ప్రాణం. బస్తీ క్లబ్బు కుర్రాడు కింది డివిజన్లో మెరిస్తే పోలీసు, రైల్వే, బ్యాంకు జట్ల కళ్లలో పడేవాడు. ఆటతోపాటు నెల జీతమూ దొరికేది. ఆ ఉద్యోగాలు సన్నగిల్లాక కుర్రాళ్లు ఇరవై ఏళ్లు దాటకుండానే బూట్లు అటకెక్కిస్తున్నారు. 2021–22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా ఇప్పుడు మన నగరంలో లేదు. క్లబ్బులు వస్తాయి, పోతాయి. లీగ్ మాత్రం ఊరిది.

కాబట్టి ముందుగా మాకు ఒక మైదానం కావాలి. సీజన్ పొడవునా వారానికి కొన్ని రోజులు లీగ్‌కే రాసివ్వండి. పొద్దున సున్నం గీతలు గీసుకుని, వలలు కట్టుకుని సిద్ధమయ్యాక వేరే కార్యక్రమం ఉందని మైదానం ఖాళీ చేయమంటే, ఆఫీసులో సెలవు పెట్టి వచ్చిన ఆటగాడు మర్నాడు మళ్లీ రాలేడు. ప్రభుత్వ సంస్థల జట్లను పునరుద్ధరించి, స్పోర్ట్స్ కోటా నియామకాల్లో లీగ్ ఆటను లెక్కలోకి తీసుకోండి. ప్రతి మ్యాచ్‌కూ ప్రథమ చికిత్స, అంబులెన్స్ తప్పనిసరి చేయాలి. మోకాలు తిరిగిన పిల్లాణ్ని ఆటోలో కూర్చోబెట్టి ఆస్పత్రికి పంపడం మాకు కడుపు కోత. రెఫరీల భత్యం మ్యాచ్ రోజే చేతికందాలి. బాలికల డివిజన్‌కూ ఇదే మైదానంలో, వెలుతురున్న వేళల్లోనే సమయం కేటాయించాలి.

రానున్న సీజన్‌కు ముందే క్లబ్బుల ప్రతినిధులను పిలిచి మాట్లాడి, మైదానం కేటాయింపుపై రాతపూర్వక ఉత్తర్వు ఇప్పించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
జంట నగరాల లీగ్ ఆటగాళ్లు, కోచ్‌లు, రెఫరీలు