ఫార్మాట్ కొట్టడం రిపేరు కాదు

సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అన్న పేరు పడ్డాక చుట్టాలందరికీ మనం కంప్యూటర్ డాక్టర్లమే. "నేను రాసేది జావా కోడు బాబోయ్" అని ఎంత మొత్తుకున్నా వినరు. సరే, అది వాళ్ళ తప్పు కాదు. నా గొడవంతా మనం చేసే వైద్యం గురించే. కంప్యూటర్ స్టార్ట్ అవ్వట్లేదు అనగానే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట: "ఫార్మాట్ కొట్టేద్దాం". ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు.

అసలు విండోస్ లేవకపోవడం వేరు, మన ఫైళ్ళు పోవడం వేరు. ఎక్స్‌పీ రోజుల్లో నల్లటి తెర మీద "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అని వచ్చేది, గుర్తుందా? పావు ఎంబీ ఉండే ఫైలది. చాలాసార్లు సీడీతో రికవరీ కన్సోల్‌లోకి వెళ్ళి దాన్ని మళ్ళీ కాపీ చేస్తే బండి కదిలేది. కానీ ఆ పావు ఎంబీ కోసం డిస్కు మొత్తం తుడిచేసిన మహానుభావులు ఎంతమందో!

అంతెందుకు, 2024 జులై 19 సంగతే చూడండి. క్రౌడ్‌స్ట్రైక్ వదిలిన ఒక్క చెడ్డ ఫైలుతో, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. దానికి చెప్పిన మందేంటి? సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఫైలు డిలీట్ చెయ్యడం. ఫార్మాట్ కాదు.

నా లెక్కలో వరస ఇలా ఉండాలి. ముందు లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కావలసినవన్నీ వేరే డిస్కులోకి తీసుకోవాలి. ఆ తర్వాతే స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రిస్టోర్, ఎస్ఎఫ్‌సీ, చెక్‌డిస్క్. డిస్కే పోయే స్థితిలో ఉంటే చెక్‌డిస్క్ దాన్ని ఇంకా అరగదీస్తుంది, అందుకే కాపీ ముందు. డిస్కు టకటకమంటోందా, కాపీ కూడా వద్దు, వెంటనే ఆపేసి డేటా రికవరీ తెలిసినవాళ్ళకి ఇవ్వండి. విండోస్ 11 లాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ లేకపోతే లైనక్స్ కూడా ఏమీ చెయ్యలేదు. అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, మెషీన్ బాగున్నప్పుడే కాగితం మీద రాసిపెట్టుకోమనండి.

"ఇంత ఓపిక ఎవడికుంది, ఫార్మాట్ అయితే గంటలో అయిపోతుంది" అంటారా? నిజమే. ఫైళ్ళు బయటికొచ్చాక హాయిగా కొట్టుకోండి. వైరస్ సిస్టమ్ అంతా పాకిపోయుంటే అదే మంచిది కూడా. నేను కాదనేది ఫార్మాట్‌ని కాదు, దాన్ని మొదటి మెట్టు చెయ్యడాన్ని.

ఆఫీసులో డేటాబేస్ సర్వర్ లేవకపోతే "బ్యాకప్ ఉందా?" అని అడక్కుండా డ్రైవ్ తుడిచేస్తామా? మేనేజర్ మన అప్రైజల్ తుడిచేస్తాడు! పెదనాన్న కంప్యూటర్ దగ్గర మాత్రం అడిగేవాడు లేడు కాబట్టి చెయ్యి ఆగదు. ఆఫీసు డేటాకి నాలుగు చోట్ల కాపీలుంటాయి. పెదనాన్న దగ్గరున్న మనవరాలి మొదటి పుట్టినరోజు ఫొటోలకి ఆ పాత డిస్కు తప్ప ఇంకో చోటు ఉండకపోవచ్చు.

కాబట్టి ఈసారి ఫోనొస్తే, ముందు "అందులో మీకు కావలసినవి ఏమున్నాయి?" అని అడగండి. విండోస్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.