పాత పెట్టెకు కొత్త కొట్టుగది

నాన్నగారు లేరు గాని, ఆయన 486 కంప్యూటరు ఇంకా మా ముందరి గదిలోనే ఉంది. పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమంటుంది మా ఆవిడ. ఎలా ఇస్తాను? మగ్గం పనివాళ్ల నోట విని ఆయన పోగుచేసిన మాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ తెలుగును ఈనాటి కంప్యూటర్లలో తెరిస్తే కనిపించేవి పిచ్చిగీతలే.

ఇలాటి యంత్రాల్లో ముసలితనం ముందుగా వచ్చేది హార్డ్ డిస్కుకే. లోపలి రేకులు నిమిషానికి వేల చుట్లు తిరగాలి; అరగవూ మరి! పోయిన ఏడు మాది గరగరలాడటం మొదలుపెట్టింది. కొత్తది కొందామంటే ఆ ఐ.డి.ఇ. రకం డిస్కుల తయారీ ఎప్పుడో ఆగిపోయింది.

ఉపాయం లేకపోలేదు. డిజిటల్ కెమెరాల్లో వాడిన కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డుకు ఐ.డి.ఇ. భాష వచ్చు. కనుక మధ్యనుండే అడాప్టరు దుబాసీ కాదు, వట్టి తీగల వంతెన. చిక్కల్లా పాత బయాస్‌తోనే. 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు - అంటే 504 మెగాబైట్లు - దాటితే దానికి లెక్క రాదు. నాలుగు గిగాబైట్ల కార్డు పెట్టినా అంతే ప్రాప్తం. నాన్నగారి డిస్కు 210 మెగాబైట్లదే, ఇంకేం!

అయితే డిస్కు తిరుగుతుండగానే నకలు తీసుకోవాలి సుమండీ. ఆగిపోయాక ఏ అడాప్టరూ ఏమీ చెయ్యలేదు. మాది రెండు రాత్రులు పట్టింది. పడుగు మాటలన్నీ వచ్చాయి. పేక మాటల ఫైలు సగంలో ఆగింది. ఆ మిగతా సగం కోసం వేసవి సెలవుల్లో మంగళగిరి మగ్గాల దగ్గరికి వెళ్లాలి.