మార్చి నెల మొటిమలు

ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాక వచ్చే ఆదివారాల్లో ఏ హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డా ఒక దృశ్యం కనిపిస్తుంది. సంచిలోంచి పులిహోర డబ్బా, సున్నుండల డబ్బా ఇంకా బయటికి తీయకముందే తల్లి కూతురి గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూస్తుంది. "ఏంటే ఈ మొహం? పండక్కి వచ్చినప్పుడు ఎంత బాగుంది!" అంటుంది. ఆ పిల్ల నవ్వేసి ఊరుకుంటుంది. చెయ్యి మాత్రం దానంతటదే దవడ మీదకి పోతుంది.

ఆ మాటలో ఉన్నది ప్రేమేనని పిల్లకీ తెలుసు. తల్లి అప్పటికే కారణాలు వెతకడం మొదలుపెట్టి ఉంటుంది. మెస్‌లో నూనె మంచిది కాదు, బోరు నీళ్లు పడలేదు, ఎండలు ముదిరాయి. అమ్మమ్మయితే ఫోన్లోనే "వేడి చేసిందమ్మా" అని తేల్చేస్తుంది. జాజికాయ పాలలో అరగదీసి రాత్రిపూట రాయమంటుంది, మజ్జిగ ఎక్కువ తాగమంటుంది. బుధవారం నుంచి పరీక్షలన్న సంగతి ఆ కారణాల్లో ఎక్కడా రాదు.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చర్మవైద్యులు 2003లో ఓ చిన్న అధ్యయనం ప్రచురించారు. 22 మంది విద్యార్థుల మొహాలను మామూలు రోజుల్లో ఒకసారి, పరీక్షల రోజుల్లో ఒకసారి పరిశీలించారు. ఒత్తిడి ఎంత పెరిగిందని చెప్పారో, మొటిమలూ ఇంచుమించు ఆ మేరకే ముదిరాయి. నిద్రలో, తిండిలో వచ్చిన తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం చెక్కుచెదరలేదు.

2007లో సింగపూర్ బడిపిల్లల మీద వచ్చిన అధ్యయనం మన అమ్మమ్మలకు చెప్పదగ్గది. 94 మంది పిల్లల్ని పరీక్షల ముందు, మళ్లీ సెలవుల్లో చూశారు. సింగపూర్‌లో ఏడాది పొడవునా ఒకటే ఉక్క. కాబట్టి ఎండలు ముదిరాయన్న మాటకు అక్కడ చోటు లేదు. మొహం మీద ఊరే జిడ్డును కూడా కొలిచారు, అందులోనూ పెద్ద తేడా రాలేదు. మొటిమలు మాత్రం పరీక్షలప్పుడే ఎక్కువ.

అలాగని దిగులు ఒక్కటే మొటిమను పుట్టించదు. ఆ వయసులో పొంగే హార్మోన్లుంటాయి, తల్లిదండ్రుల నుంచి వచ్చిన చర్మతత్వం ఉంటుంది, మూసుకుపోయిన రంధ్రాలుంటాయి, అక్కడ కాపురముండే బ్యాక్టీరియా ఉంటుంది. ఈరోజు అద్దంలో కనిపించిన మొటిమ కొన్ని వారాల కిందటే లోపల మొదలై ఉంటుంది. దిగులు వచ్చి వీటికి తోడవుతుంది, అంతే. కానీ అది తోడయ్యే దారి చదువుతుంటే నాకు చాలా ఆశ్చర్యమేసింది. మనం భయపడినప్పుడు మెదడు వదిలే సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను అందుకునే ఏర్పాటు మొహం మీది నూనె గ్రంథుల్లోనూ ఉందట. అంతేకాదు, ఆ గ్రంథులు దాన్ని సొంతంగా తయారుచేసుకోగలవు కూడా. నరాల కొసల నుంచి వెలువడే రసాయనాలు అక్కడి వాపునీ ఎర్రదనాన్నీ ఇంకాస్త రేపుతాయి. తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు చర్మం పైపొరా మెదడూ ఒకే పొర నుంచి ఏర్పడతాయి. తర్వాత వేరు కాపురాలు పెట్టిన తోబుట్టువుల్లా, ఒకరికి కష్టమొస్తే రెండోవారికి కబురు అందకుండా ఉండదు కాబోలు.

గాయం మానడమూ అంతే. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో 11 మంది దంతవైద్య విద్యార్థులు ఒప్పుకుని తమ అంగిలి మీద చిన్న గాయం చేయించుకున్నారు. సెలవుల్లో ఒకసారి, పరీక్షలకు కాస్త ముందు మరోసారి. అదే మనుషులు, అదే నోరు, అంతే గాయం. పరీక్షలప్పటిది మానడానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టింది. 1998లో ఆ ఫలితాలు వచ్చాయి. భయంలో ఉన్న ఒళ్లు తనను తాను బాగుచేసుకోవడంలో వెనకబడుతుందన్నమాట.

రాత్రి పదకొండు దాటాక చదువుకునే పిల్లల్ని చూడండి. కుడిచెయ్యి ఆర్గానిక్ కెమిస్ట్రీ సమీకరణాలు రాస్తూ ఉంటుంది. ఎడమచెయ్యి దవడ మీద బొడిపెను తడుముతూ ఉంటుంది. తడమడం గోకడమవుతుంది, గోకడం గిల్లడమవుతుంది. ఒక్క క్షణం ఏదో బరువు దిగినట్టుంటుంది. ఆ తర్వాత మంట, వేలికొసన రక్తపు చుక్క, "అయ్యో, మళ్లీ గిల్లేశానే" అన్న బాధ. ఇది కొత్త అలవాటేమీ కాదు. 1898లోనే లూయీ బ్రోక్ అనే ఫ్రెంచి వైద్యుడు మొటిమల్ని మానకుండా గిల్లుకునే అమ్మాయిల గురించి ప్రత్యేకంగా రాశాడు. పరీక్ష భయానికి మొటిమ వచ్చింది, మొటిమను చూసుకుని ఇంకో దిగులు పట్టుకుంది, ఆ దిగులుకు చెయ్యి ఆగడం లేదు. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే ఇదే. ఆ సమయంలో "గిల్లకు" అని కసిరితే ఆ చెయ్యి కిందకి దిగుతుంది గానీ దిగులు దిగదు.

మా చిన్నప్పుడు ఇళ్లలో ఒకటే అద్దం ఉండేది. వసారా స్తంభానికి మేకు కొట్టి వేలాడదీసిన అరచేతి వెడల్పు అద్దం, ఒక మూల పాదరసం లేచిపోయి ఉండేది. నాన్న గడ్డం గీసుకోవడానికీ, అక్క బొట్టు పెట్టుకోవడానికీ, అందరికీ అదే. పొద్దున తల దువ్వుకునేటప్పుడు అందులో మన వంతు ఓ నిమిషం. మళ్లీ మన మొహం మనకి కనిపించేది మర్నాడే. బళ్లో ఏడాదికోసారి తీసే గ్రూపు ఫోటోలో మొహాలు మినపగింజంత ఉండేవి. మొటిమలు అప్పుడూ వచ్చేవి, పరీక్షలు అప్పుడూ భయపెట్టేవి. వాటిని చూసుకుంటూ కూర్చునే వీలే తక్కువ. ఇప్పటి పిల్లల అద్దం వాళ్ల చేతిలోనే ఉంటుంది. ముందు కెమెరా తెరిచి, వేళ్లతో పెద్దది చేసుకుని, ఒక్కో రంధ్రాన్నీ చూసుకుంటారు. మనకు లేని బరువొకటి వాళ్లు మోస్తున్నారనిపించి జాలేస్తుంది.

ఇదంతా పిల్లలతోనే ఆగదు. ముహూర్తం పది రోజులుందనగా పెళ్లికూతురి బుగ్గ మీద లేచే మొటిమ ఎన్ని ఇళ్లలో చూడలేదు! డాలస్‌లోనో న్యూజెర్సీలోనో వీసా కాగితాల కోసం ఎదురుచూస్తున్న ముప్పై ఏళ్ల అబ్బాయి వీడియో కాల్‌లో కనిపిస్తే, "చిన్నప్పుడు కూడా లేవు కదరా ఇవి" అని ఇక్కడ తల్లి బెంగపడుతుంది. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు మందుల షాపులో దొరికే ఫలానా క్రీము రాయమంటారు. వాటిలో కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారం మొహం నిగనిగలాడుతుంది. కొన్నాళ్లు వాడి ఆపగానే ఎర్రగా మండి, మొటిమలు మునుపటికన్నా ఎక్కువై తిరగబెడతాయి. అందుకే చర్మ డాక్టరుకు చూపించుకోవడమే మేలు. అక్కడ రాసిచ్చే మందుకైనా గుణం కనిపించాలంటే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. దిగులులో ఉన్న మనిషికి ఎనిమిది వారాలంటే ఓ యుగం.

మగపిల్లల సంగతి నాకు ఇంకా దిగులుగా ఉంటుంది. ఆడపిల్ల కనీసం అమ్మ దగ్గరో స్నేహితురాలి దగ్గరో ఏడుస్తుంది. అబ్బాయి టోపీ కిందకి లాక్కుంటాడు, పెళ్లికి రానంటాడు, ఫోటోలో వెనక వరసలో నిలబడతాడు. "మగాడివి, నీకెందుకురా ఈ పిచ్చి" అంటారేమోనని పైకి చెప్పడు.

ఆమధ్య ఓ చర్మ డాక్టరు దగ్గర మా వంతు కోసం కూర్చుని ఉంటే పక్క కుర్చీల్లో ఓ తండ్రీకొడుకులు ఉన్నారు. పదిహేడేళ్లుంటాయేమో అబ్బాయికి. మాస్కు తీయలేదు. తండ్రి బుగ్గల నిండా పాత మొటిమల గుంటలు. చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు. తర్వాత ఆయన తన బుగ్గ చూపిస్తూ, "నాకూ నీ వయసులోనే వచ్చాయిరా. డిగ్రీ సెకండియర్‌లో మరీ ఎక్కువ. అప్పుడు మీ తాతకి ఒంట్లో బాలేదు" అన్నాడు. తాత జబ్బుకీ మొటిమలకీ సంబంధమేమిటని ఆ అబ్బాయి అడగలేదు. మాస్కు కాస్త కిందకి లాక్కుని, "నాన్నా, ఫిజిక్స్ పోయేలా ఉంది" అన్నాడు. "ఏ చాప్టర్లు?" అని ఆయన అడిగాడు. లోపలి నుంచి వాళ్ల పేరు పిలిచేదాకా ఇద్దరూ ఆ చాప్టర్ల గురించే మాట్లాడుకుంటూ కూర్చున్నారు.