చెత్తబండి ఉద్యోగానికీ ఇంటర్వ్యూ!

చెత్త ఎత్తే పనికి ఇంటర్వ్యూ ఏమిటీ అని నవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకప్పుడు నిజంగానే ఉండేది కాదు. తండ్రి చీపురు కొడుకు చేతికొచ్చేది. లేదంటే మేస్త్రీ పిలిచి 'రేపట్నుంచి రా' అనేవాడు. ఇప్పుడలా కాదు. తడిచెత్తను ఎరువు చేసే కేంద్రాలూ, పొడిచెత్తను వేరుచేసే షెడ్లూ, ఆస్పత్రి వ్యర్థాలు తీసుకెళ్లే కంపెనీలూ, హైదరాబాద్ జవహర్‌నగర్‌లోలా చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంట్లూ వచ్చాయి. చాలాచోట్ల మనిషిని కూర్చోబెట్టి, నాలుగు ప్రశ్నలు అడిగి మరీ తీసుకుంటున్నారు. పదో తరగతి తప్పినవాళ్లూ, డిగ్రీ చదివి పని దొరకనివాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు.

ఆ నాలుగు ప్రశ్నల్లో ఒకటి ప్రాణానికి సంబంధించింది. దాని సంగతి తర్వాత.

మొదటిది తేలిగ్గానే ఉంటుంది. 'పొద్దున్నే అయిదింటికి మస్టరుకి రాగలవా?' రాగలనని అందరూ అంటారు. అడిగేవాడికి కావాల్సింది ఎలా వస్తారన్నది. తొలి బస్సే ఆరింటికైతే అయిదింటికి చేరేదెలా? సైకిలుందా? ఇంట్లో పసిపిల్ల ఉంటే ఆ వేళప్పుడు ఎవరు చూస్తారు? ఇవన్నీ ముందే ఆలోచించుకుని వచ్చినవాళ్ల మాటకు విలువ. పండగల సంగతీ అంతే. వినాయక చవితి మర్నాడు పత్రి, దీపావళి మర్నాడు టపాకాయల కాగితాలు... ఊరు పండగ చేసుకుని పడుకున్న పూటే వీళ్లకు పని రెట్టింపు. అది తెలిసే వచ్చానని చెప్పాలి. 'వాసన భరించగలవా?' అన్నదానికి 'అబ్బే, నాకేం వాసన రాదండీ' అంటే ఎవరూ నమ్మరు. 'మొదట్లో కష్టమే, అలవాటు చేసుకుంటాను' అన్నది నిజం, అదే మంచి జవాబు.

ఆ తర్వాతది అసలు పరీక్ష. కొన్నిచోట్ల నేల మీద ఓ కుప్ప పోసి వేరుచేయమంటారు. అరటితొక్క తడి, పాత పేపరు పొడి... అంతవరకూ బడిపిల్లలూ చెబుతారు. చిక్కంతా మిగతావాటితోనే. ట్యూబులైటు, అయిపోయిన బ్యాటరీ, గడువు తీరిన మాత్రలు, పురుగుమందు డబ్బా... ఇవేవీ మామూలు పొడిచెత్త కాదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు వీటిని ఇంటి ప్రమాదకర వ్యర్థాలుగా విడిగా పెట్టమన్నాయి. మరి పిల్లల డైపరు? తడిగా ఉంది కాబట్టి తడిచెత్త అనేస్తారు చాలామంది. 2016 నిబంధనల్లో దాన్ని బాగా చుట్టి పొడిచెత్తలో వేయమన్నారు. 2026లో వచ్చిన కొత్త నిబంధనలు డైపర్లనూ న్యాప్‌కిన్లనూ శానిటరీ వ్యర్థాలంటూ వేరే తరగతి చేశాయి. ఇప్పుడు తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి అని మొత్తం నాలుగు. పాత నోట్సు చదివి వెళ్లినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ఆస్పత్రి వ్యర్థాల కంపెనీ అయితే రంగులు కంఠతా రావాలి. రక్తం అంటిన దూదీ, కట్లూ పసుపు సంచిలోకి. సెలైన్ గొట్టాల్లాంటి ప్లాస్టిక్ ఎరుపులోకి. సూదులూ బ్లేడ్లూ గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి. గాజు నీలంలోకి.

విచిత్రమేమిటంటే, ఈ పరీక్షలో ముందుండాల్సినవాళ్లే వెనకబడిపోతుంటారు. గోనెసంచి భుజాన వేసుకుని చిత్తుకాగితాలు ఏరినవాళ్లూ, పాత సామాన్ల కొట్టులో పనిచేసినవాళ్లూ. కవరు నలిపితే వచ్చే చప్పుడుని బట్టే అది ఏ రకం ప్లాస్టికో చెప్పేయగలరు. నీళ్ల సీసా అడుగున త్రికోణంలో 1 ఉంటుందని చదువుకోకపోయినా, దాన్ని ఏ కుప్పలో వేస్తే ఎంత ధర వస్తుందో తెలుసు. చిప్స్ పొట్లాన్ని మాత్రం చూడగానే పక్కన పడేస్తారు. లోపల వెండిరంగు పొర ఉన్నదాన్ని కొట్టువాడు కొనడు కాబట్టి! అలాంటివాళ్లను 'ఇంతకుముందు ఏం చేశావు?' అని అడిగితే 'ఖాళీగా ఉన్నానండీ' అంటారు. సిగ్గు. వాళ్లను చూసి ముక్కు మూసుకున్న జనం అంటించిన సిగ్గు అది. అయిదేళ్లు చెత్త ఏరిన మనిషికి ఉన్నది అయిదేళ్ల అనుభవం. ఏ వీధుల్లో ఏరేది, రోజుకి ఎన్ని కిలోలు, ఏ సరుకు ఎవరికి అమ్మేది... అన్నీ చెప్పుకోవాలి. కేంద్రం 2023లో మొదలుపెట్టిన 'నమస్తే' పథకంలోకి 2024లో చెత్త ఏరుకునేవాళ్లనూ చేర్చారు. అందులో పేరు నమోదై ఉంటే ఆ కార్డు ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టుకోవచ్చు.

'సంచిలో చెయ్యి పెట్టగానే సూది గుచ్చుకుంది. ఏం చేస్తావు?' నోట్లో పెట్టుకుని పీల్చేస్తాననో, నొక్కి రక్తం కార్చేస్తాననో అంటే తప్పు. పారే నీళ్ల కింద సబ్బుతో కడగాలి. సూపర్‌వైజరుకి చెప్పి ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. హెచ్ఐవీ సోకకుండా వాడే మందులు 72 గంటల లోపే మొదలవ్వాలి. ఎంత ముందైతే అంత మేలు. 'అసలు సంచిలో చెయ్యి పెట్టనండీ, కింద కుమ్మరించి చూస్తాను' అన్న అభ్యర్థి అయితే ఆ మేనేజరు పేరు అడిగి మరీ రాసుకుంటాడు.

ఇక ఆ ప్రశ్న. మాటల మధ్యలో చాలా మామూలుగా వస్తుంది. 'అవసరమైతే మ్యాన్‌హోల్లోకి దిగుతావా?'

ఉద్యోగం వస్తుందన్న ఆత్రంలో 'దిగుతానండీ' అనేస్తారు. అనకూడదు. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాల్వలోకీ, సెప్టిక్ ట్యాంకులోకీ మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. పరికరాలున్నా సరే, తప్పనిసరి అయితేనే, అదీ కాగితం మీద అనుమతి ఉంటేనే. మురుగులో చనిపోయినవారి కుటుంబాలకిచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో పది లక్షల నుంచి ముప్ఫై లక్షలకు పెంచింది. చావులు ఆగలేదు కాబట్టే పెంచాల్సి వచ్చింది. 2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో మ్యాన్‌హోల్లోకి దిగిన ఇద్దరు ఆంధ్రా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లను కాపాడబోయి దిగిన అక్కడి ఆటోడ్రైవరూ చనిపోయాడు. ఆ గొయ్యిల్లో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. బాగా ఎక్కువైతే ముక్కుకి ఆ వాసనే తెలియదు. కంపు తగ్గింది కదా అని దిగినవాడు కేక వేసేలోపే పడిపోతాడు.

కాబట్టి జవాబు: 'జెట్టింగ్ యంత్రం మీద పనిచేస్తాను సార్. లోపలికి మాత్రం దిగను.' మర్యాదగానే, తడబడకుండా. దీనికి ఉద్యోగం రాకపోవచ్చు కూడా. రెండు నెలల అద్దె బాకీ ఉన్న ఇంట్లో ఈ మాట అనుకున్నంత తేలిక కాదు. అందుకే ఇంటర్వ్యూ గదిలో కాకుండా ముందురోజు రాత్రే ఇంట్లోవాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి.

అడగాల్సినవీ ఉంటాయి. గ్లౌజులూ బూట్లూ చిరిగితే ఎన్నాళ్లకు కొత్తవిస్తారు? టీటీ, హెపటైటిస్-బి టీకాలు కంపెనీ వేయిస్తుందా? పీఎఫ్ పన్నెండంకెల నంబరు, ఈఎస్ఐ కార్డు ఎప్పుడు చేతికొస్తాయి? ఆడవాళ్లయితే షెడ్డులో మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఉన్నాయా? అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడేవాళ్లే ఎక్కువ. అనుకోనీ!

బట్టల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఉతికినవైతే చాలు. 'పైవాళ్లకు ఇవ్వాలి, నీ పోస్టు ఖాయం' అంటూ డబ్బడిగే మధ్యవర్తిని మాత్రం గుమ్మం దగ్గరే ఆపేయాలి. ఇచ్చిన సొమ్ముకి రసీదుండదు, అడగడానికి మనిషీ ఉండడు.

ఇంకొక్క పని మిగిలింది. ఇంటర్వ్యూకి ముందు ఓ తెల్లవారుజామున ఆ మస్టరు పాయింటుకి వెళ్లి, అక్కడ పనిచేసే ఇద్దరితో టీ తాగి రావాలి. జీతం ఏ తారీఖున పడుతుందో, పోయిన నెల పడిందో లేదో వాళ్లే చెబుతారు.