ఫోన్ రివ్యూల్లో లేని టెస్ట్: హాస్పిటల్ బెడ్ మీద మీ ఫోన్ పనికొస్తుందా?

ఫోన్ రివ్యూ అనగానే మనందరికీ ఒక ఫార్మాట్ అలవాటైపోయింది. డిస్‌ప్లే, ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ, చివర్లో 'కొనొచ్చా, వద్దా'. గేమ్ ఆడితే ఎంత వేడెక్కుతుంది, రాత్రిపూట ఫోటో ఎలా వస్తుంది, 0 నుంచి 100 ఛార్జింగ్‌కి ఎన్ని నిమిషాలు పడుతుంది... అన్నీ కొలుస్తాం. కొలవాల్సిందే. కానీ ముఖానికి ఆక్సిజన్ మాస్క్, ఒక చేతికి సెలైన్, ఇంకో చేతి వేలికి ఆక్సిమీటర్ క్లిప్పు పెట్టుకుని బోర్లా పడుకున్న మనిషి ఆ ఫోన్ వాడగలడా అని మాత్రం ఎవరూ చూడరు. 2021 సెకండ్ వేవ్ తర్వాత ఈ టెస్ట్ కూడా ఉండి తీరాలి అన్నది నా అభిప్రాయం. ఎందుకో చెప్తా.

మధ్యలో 600 కిలోమీటర్లు

2021 మే మొదటి వారంలో నా ఇంజినీరింగ్ ఫ్రెండ్ ఒకడు కోవిడ్‌తో గుంటూరులో హాస్పిటల్‌లో చేరాడు. నేను బెంగళూరులో ఉన్నా. కర్ణాటకలో ఏప్రిల్ చివర్నుంచే ఆంక్షలు, మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. ఎలాగోలా వెళ్ళినా వార్డులోకి రానివ్వరు. వాడి అమ్మానాన్నలు తెనాలి దగ్గర ఊళ్ళో, ఇద్దరూ పాజిటివ్, ఇంట్లోనే ఐసొలేషన్. అక్క హైదరాబాద్‌లో చంటిబిడ్డతో ఉంది. అంటే వాడికీ మాకూ మధ్య మిగిలింది ఒక్కటే, వాడి మూడేళ్ళ పాత బడ్జెట్ ఫోన్.

సస్పెన్స్ వద్దు, ముందే చెప్పేస్తున్నా. వాడు 14 రోజుల తర్వాత ఇంటికొచ్చాడు. బతికించింది డాక్టర్లు, నర్సులు, ఆక్సిజన్. ఫోన్ కాదు, నేనూ కాదు. కానీ ఆ 14 రోజుల్లో నాకు బాగా అర్థమైంది ఏంటంటే, దూరం నుంచి సాయం చేయడమంటే పేషెంట్ ఊపిరినీ, పేషెంట్ బ్యాటరీనీ మనం ఖర్చు పెట్టకుండా ఉండటం. మిగతావన్నీ దాని తర్వాతే.

అన్‌లాక్ దగ్గరే మొదలు

ఆక్సిజన్ మాస్క్ పెట్టుకుంటే ఫేస్ అన్‌లాక్ దాదాపు పనిచేయదు. ఇది బడ్జెట్ ఫోన్ల సమస్య మాత్రమే కాదు. యాపిల్ కూడా 2020 మేలో ఐఓఎస్ 13.5తో చేసింది, మాస్క్ కనిపిస్తే పాస్‌కోడ్ స్క్రీన్ తొందరగా చూపించడం వరకే. 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5 వచ్చాక యాపిల్ వాచ్ ఉన్నవాళ్ళకి మాస్క్‌తో అన్‌లాక్ కుదిరింది. వాచ్ లేకుండా మాస్క్‌తోనే ఫేస్ ఐడీ పనిచేయడానికి 2022 మార్చిలో ఐఓఎస్ 15.4 దాకా ఆగాల్సొచ్చింది. అది కూడా ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడల్స్‌కే. అప్పటికి సెకండ్ వేవ్ పోయి ఏడాది కావస్తోంది.

ఇక ఫింగర్‌ప్రింట్. మనలో చాలామంది కుడి బొటనవేలు ఒక్కటే రిజిస్టర్ చేస్తాం. మా వాడికి కుడి చేతికే సెలైన్ సూది పెట్టారు. ఎడమ చూపుడువేలికి ఆక్సిమీటర్ క్లిప్పు. ప్రతిసారీ ఎడమ బొటనవేలితో ఆరంకెల పిన్ కొట్టడమే. మామూలప్పుడు రెండు సెకన్ల పని. ఆయాసంతో ఉన్నవాడికి అది కూడా ఒక పనే. 

అందుకే రెండు చేతుల వేళ్ళూ రిజిస్టర్ చేసి పెట్టుకోండి. లాక్ తీయకుండానే కనిపించే ఎమర్జెన్సీ సమాచారంలో బ్లడ్ గ్రూప్, అలర్జీలు, ఇద్దరి నంబర్లు పెట్టండి. ఐఫోన్‌లో అయితే మెడికల్ ఐడీ అని ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ఎమర్జెన్సీ ఇన్ఫర్మేషన్ అని వెతకండి. ఐదు నిమిషాలు పడుతుంది, అంతే.

65 వాట్ కాదు, రెండు మీటర్ల వైరు

ఫాస్ట్ ఛార్జింగ్ గురించి మనం ఎన్ని గొడవలు పడతామో తెలిసిందే. వార్డులో ప్లగ్ పాయింట్ మంచం తలవైపు గోడకుంటుంది. సగం పాయింట్లు మెషిన్లకే పోతాయి. బాక్స్‌లో వచ్చే మీటరు కేబుల్ మంచం దాకా అందదు. అందితే లాగి పట్టుకుని కూర్చోవాలి.

గుంటూరులోనే ఉన్న మా జూనియర్ ఒకడు పొద్దున కర్ఫ్యూ లేని టైమ్‌లో వెళ్ళి హాస్పిటల్ గేటు దగ్గర ఒక కవరు ఇచ్చొచ్చాడు. దాని మీద మార్కర్‌తో పేరు, వార్డు, బెడ్ నంబర్ పెద్దగా రాయించాను. లోపల రెండు మీటర్ల కేబుల్, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, ఛార్జింగ్ అక్కర్లేని వైర్డ్ ఇయర్‌ఫోన్లు. వాడి పాత ఫోన్‌కి 3.5 ఎంఎం జాక్ ఉంది కాబట్టి సరిపోయింది. జాక్ తీసేసిన ఫోన్లని 'ప్రీమియం' అంటుంటే నాకు ఇప్పటికీ ఆ కవరే గుర్తొస్తుంది.

ఒక జాగ్రత్త. ఏ ప్లగ్ వాడొచ్చో నర్సుని అడిగే వాడాలి. మెషిన్ ప్లగ్ పీకి ఫోన్ పెట్టడం అస్సలు వద్దు. ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న చోట నిప్పు చాలా వేగంగా అంటుకుంటుంది. కాబట్టి ఛార్జ్ అవుతున్న ఫోన్‌ని, పవర్ బ్యాంక్‌ని దిండు కింద, దుప్పట్లో, మాస్క్ పక్కన పెట్టొద్దు. 

వీడియో కాల్ కంటే వాయిస్ నోట్ గొప్పది

దీనికి చాలామంది ఒప్పుకోరని తెలుసు. 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ గ్రూప్ కాల్‌లో మనుషుల సంఖ్యని 4 నుంచి 8కి పెంచినప్పుడు మనమంతా ఎంత సంబరపడ్డామో నాకూ గుర్తుంది. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్నవాళ్ళకి అది వరం. హాస్పిటల్‌లో ఉన్నవాడికి మాత్రం అది శిక్ష.

ఎందుకంటే, వీడియో కాల్ వస్తే ఫోన్ ఎత్తి పట్టుకోవాలి. మొహం బాగున్నట్టు పెట్టాలి. ఎనిమిది మందికీ 'బానే ఉన్నా' అని చెప్పాలి. మాట్లాడుతుంటే ఆయాసం పెరుగుతుంది. పైగా బోర్లా పడుకోమంటారు. ఆక్సిజన్ లెవెల్ 94 కంటే తగ్గినవాళ్ళు బోర్లా పడుకుంటే ఊపిరి మెరుగవుతుందని కేంద్ర ఆరోగ్యశాఖ 2021 ఏప్రిల్‌లో సూచనలు కూడా ఇచ్చింది. బోర్లా ఉన్నవాడు ఫ్రంట్ కెమెరాకి దిండు తప్ప ఏం చూపిస్తాడు?

వాయిస్ నోట్ అలా కాదు. తనకి ఓపిక ఉన్నప్పుడు వింటాడు. వద్దనుకుంటే వినడు. నెట్‌వర్క్ సరిగ్గా లేకపోయినా ఎప్పుడో ఒకప్పుడు డౌన్‌లోడ్ అవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తిరిగి మాట్లాడాల్సిన పని లేదు.

మేం ఒక కోడ్ పెట్టుకున్నాం. 1 అంటే బానే ఉన్నా. 2 అంటే నువ్వు మాట్లాడు, నేను వింటా. 3 అంటే అక్కకి ఫోన్ చెయ్, హాస్పిటల్ హెల్ప్ డెస్క్‌తో మాట్లాడించు. ఒక్క అంకె టైప్ చేస్తే చాలు. వాడు ఎక్కువగా పంపింది 2. అది కూడా రాత్రి రెండింటికి, మూడింటికి.

ఆరో రోజు రాత్రి మాత్రం అంకె రాలేదు. "రేయ్ మామా, పక్క బెడ్ ఖాళీ అయింది" అని వచ్చింది. వెనకే 2.

నేను కాల్ చేశాను. ఏమైందని అడగలేదు. వాడు కోలుకున్నాక కొనాలనుకుంటున్న ఫోన్ గురించి మొదలుపెట్టి స్పెక్స్ షీట్ మొత్తం చదివాను. బ్లూటూత్ వెర్షన్‌తో సహా. వాడు ఒక్క మాటా మాట్లాడలేదు. ఆక్సిజన్ బుసబుస మాత్రం వినిపిస్తోంది. షీట్ అయిపోయాక కాల్ అలాగే ఉంచి నా ఆఫీసు పని చేసుకున్నా. కీబోర్డ్ టకటకలు వింటూ పడుకున్నానని తర్వాత చెప్పాడు. మంచి స్పీచ్ ఇచ్చి ధైర్యం చెప్పేకంటే లైన్‌లో ఒక మనిషి ఉన్నాడన్న చప్పుడే వాడికి కావాల్సింది.

వీడియో కాల్ పూర్తిగా వద్దని కాదు. కొడుకు మొహం చూడనిదే అమ్మకి ముద్ద దిగదు. అందుకని రోజుకి ఒక్కటే, వాడు చెప్పిన టైమ్‌లో, రెండు నిమిషాలు. అది అమ్మానాన్నలకే. మిగతా మనమంతా ఆగొచ్చు.

ఒక్కరే అడగాలి, ఒక్కరే చెప్పాలి

మనవాడు హాస్పిటల్‌లో ఉన్నాడని తెలియగానే క్లాస్‌మేట్స్, చుట్టాలు, ఆఫీసువాళ్ళు, అందరూ ప్రేమతోనే అడుగుతారు. 'ఎలా ఉంది రా?', 'లెవెల్ ఎంత?' అని. ఒక్కొక్కరు ఒక్కసారి అడిగినా ఫోన్ రోజంతా మోగుతూనే ఉంటుంది. మేం అక్కని మెయిన్ కాంటాక్ట్‌గా పెట్టాం. హాస్పిటల్ నుంచి వచ్చే కాల్ ఆవిడకే. సాయంత్రం ఆవిడ చెప్పింది నేను గ్రూప్‌లో ఒకే మెసేజ్‌గా పెట్టేవాణ్ణి. తేదీ, ఆక్సిజన్ లెవెల్, ఎన్ని లీటర్ల ఆక్సిజన్ మీద ఉన్నాడు, డాక్టర్ ఏమన్నారు. గ్రూప్‌లో వాడు లేడు. కావాలనే చేర్చలేదు.

లీడ్స్ విషయం కూడా అంతే. బెడ్, ఆక్సిజన్, ఇంజెక్షన్ నంబర్లతో ఫార్వర్డులు వరదలా వచ్చేవి. ఒక గూగుల్ షీట్ పెట్టి నంబరు, ఎన్నింటికి ఫోన్ చేశాం, ఏం చెప్పారు, ఈ మూడే రాశాం. టైమ్ లేని లీడ్ లీడే కాదు. 'రెమ్‌డెసివిర్ దొరుకుతోంది, ఇన్ని వేలు పంపండి' అనేవాటికి ఒకటే జవాబు, డాక్టర్ రాసిస్తేనే చూస్తాం. ఆ మందుని వాడమని సిఫారసు చేయలేమని డబ్ల్యూహెచ్‌ఓ 2020 నవంబర్‌లోనే చెప్పింది. జనం ప్లాస్మా డోనర్ల కోసం పరుగులు పెడుతుండగానే 2021 మే 17న మన దేశపు ట్రీట్‌మెంట్ గైడ్‌లైన్స్ నుంచి ప్లాస్మాని తీసేశారు. అంటే ఫార్వర్డ్ చేసే ముందు డాక్టర్ మాట వినడం కూడా సాయమే.

ఇంకో చిన్న పని, ఎవరికీ గుర్తురానిది: వాడి ప్రీపెయిడ్ ప్యాక్ ఎప్పుడు అయిపోతుందో చూసి రీఛార్జ్ చేయడం. 28 రోజుల వ్యాలిడిటీకి హాస్పిటల్ అని తెలియదు కదా. బిల్లు కట్టడానికి కూడా ముందే లెక్క చూసుకోండి. అప్పట్లో యూపీఐలో మామూలుగా రోజుకి లక్ష రూపాయలే లిమిట్. హాస్పిటల్ పేమెంట్లకి 5 లక్షలకి పెంచుతున్నట్టు ఆర్‌బీఐ ప్రకటించింది 2023 డిసెంబర్‌లో. అందుకే అక్కా నేనూ చెరికొంత పంచుకుని కట్టాం.

వాచ్‌నీ, యాప్‌నీ నమ్మి ఇంట్లో ఉండిపోవద్దు

ఆక్సిమీటర్లు దొరకని రోజుల్లో ఫోన్ కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెప్పే యాప్‌లు, చవక బ్యాండ్‌లు బాగా తిరిగాయి. గ్యాడ్జెట్ లవర్స్ కాబట్టి మన సలహానే ఇంట్లోవాళ్ళు అడుగుతారు. మెడికల్ ఆక్సిమీటర్ ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ అనే రెండు రకాల కాంతిని వేలి గుండా పంపి లెక్క కడుతుంది. మామూలు ఫోన్ ఫ్లాష్‌కి ఆ ఏర్పాటు లేదు. చాలా స్మార్ట్‌వాచ్‌ల మీద కూడా 'వైద్య అవసరాలకి కాదు' అని కంపెనీలే రాస్తాయి. బ్యాండ్ 97 చూపిస్తోందని ఆయాసపడుతున్న మనిషిని ఇంట్లో ఉంచేస్తే పోయేది ప్రాణం.

రివ్యూయర్లూ, కంపెనీలూ వింటే బాగుండు

'జనం చచ్చిపోతుంటే ఫోన్ గురించి మాట్లాడతావేంటి' అని కొందరు అనొచ్చు. ఆ వార్డులో ఉన్న ప్రతి ఒక్కరికీ తనవాళ్ళ గొంతు వినిపించింది ఫోన్‌లోనే. కొందరు చివరిసారి విన్నది కూడా అందులోనే. అలాంటప్పుడు ఆ వస్తువు గురించి సీరియస్‌గా మాట్లాడకపోవడమే తప్పు. కోవిడ్ ఒక్కటే కాదు, డెంగీ అయినా, యాక్సిడెంట్ అయినా మంచం మీద ఉన్న మనిషికి ఇవే ఇబ్బందులు.

ఆటో ఆన్సర్‌నే తీసుకోండి. ఐఫోన్‌లో ఐఓఎస్ 11 నుంచి ఉంది, కాకపోతే యాక్సెసిబిలిటీలో టచ్, అందులో కాల్ ఆడియో రూటింగ్ లోపలికెళ్ళి వెతకాలి. ఆండ్రాయిడ్‌లో ఒక్కో కంపెనీది ఒక్కో దారి. 'పేషెంట్ మోడ్' అని ఒక్క బటన్ ఇవ్వడం అంత కష్టమా? ఎంచుకున్న ఇద్దరి కాల్స్ మాత్రమే మోగాలి, అవి స్పీకర్‌లో వాటంతటవే ఎత్తుకోవాలి, అక్షరాలు పెద్దవి కావాలి, మిగతా నోటిఫికేషన్లు సైలెంట్ కావాలి. ఏఐ పేరుతో ఇస్తున్న ఫీచర్లలో సగం కంటే ఇదే ఎక్కువ మందికి పనికొస్తుంది.

కంపెనీలు ఇచ్చేదాకా నేను ఆగను. ఇకనుంచి నా ప్రతి రివ్యూలో ఒక బాక్స్ ఉంటుంది. మాస్క్ పెట్టుకుని, పక్కకి పడుకుని, ఎడమ చేత్తో లాక్ తీసి ఒక వాయిస్ నోట్ వినడానికి ఎన్ని టచ్‌లు పట్టాయి, ఇయర్‌పీస్ గొంతు ఫ్యాన్ చప్పుడులో వినిపించిందా, బాక్స్‌లో వచ్చిన కేబుల్ ఎన్ని సెంటీమీటర్లు ఉంది. అంటుటు స్కోర్ పక్కనే ఉంటుంది. చూసి కొనండి, ముఖ్యంగా అమ్మానాన్నలకి కొనేటప్పుడు.