స్పానిష్ భాషలో గణితపాఠాలు – అనువాదకుని అధికారం

స్పెయిన్‌లో గాని మెక్సికోలో గాని త్రికోణమితి చదువుకొనే విద్యార్థి దినదినం ఉచ్చరించే 'సెనో' అనే మాట పూర్వకథ సంస్కృతజ్ఞులకు తెలియనిది కాదు. వింటినారి అనే అర్థంలో మన గణకులు వాడిన 'జ్యా', 'జీవా' శబ్దాలలో రెండవది అరబ్బు పండితుల వద్ద 'జీబ' అయింది. అచ్చులను పూర్తిగా రాయని ఆ లిపిలో అది 'జైబ్' అనే వారి సొంత మాటతో కలిసిపోయింది. 'జైబ్' అంటే వస్త్రపు మడత, వక్షఃస్థలం, అఖాతం. 12వ శతాబ్దిలో లాటిన్ అనువాదకులు ఈ అర్థాన్నే పట్టుకొని 'సైనస్' అన్నారు. స్పానిష్ 'సెనో' దాని సంతానం. లోకవ్యవహారంలో దానికి వక్షోజమనే అర్థం నేటికీ ఉన్నది. తరగతిలో తొలిసారి విన్న పిల్లలు ముసిముసిగా నవ్వుకుంటే వింత లేదు. మన సంగతి మరింత విడ్డూరం. తెలుగు పాఠ్యపుస్తకాలలో 'జ్యా' అనే మాట వృత్తంలోని పూర్ణజ్యాకు నిలిచిపోయింది. అర్ధజ్యాకు మాత్రం, లోకం చుట్టి వేషం మార్చుకొని వచ్చిన 'సైన్'నే స్వీకరించాము.

పదం తప్పు. అయినా ఎనిమిది శతాబ్దులకు పైగా ఆ తప్పు వలన ఒక్క సిద్ధాంతమూ చెడలేదు, ఒక్క లెక్కా తప్పలేదు. మాటతోపాటు నిర్వచనం కూడా చెక్కుచెదరక ప్రయాణం చేయటమే ఇందుకు కారణం. గణితానువాదంలో దేనికి భయపడాలి, దేనికి భయపడనక్కరలేదు అనే ప్రశ్నకు ఈ ఒక్క మాట చరిత్రలో సగం సమాధానం ఉన్నది. మిగిలిన సగం కోసం ఇటీవలి చరిత్ర చూడవలసి ఉన్నది.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ తన పాఠ్యసామగ్రిని అంతర్జాలంలో అందరికీ ఉచితంగా అందిస్తామని 2001లో ప్రకటించింది. స్పెయిన్, పోర్చుగల్, లాటిన్ అమెరికా విశ్వవిద్యాలయాలను కలుపుతూ 2000లో ఏర్పడిన యూనివర్సియా అనే సమాఖ్య ఆ పాఠాలను స్పానిష్, పోర్చుగీసు భాషలలోనికి తెచ్చే పనికి పూనుకొన్నది. తరువాత 2013లో అదే సమాఖ్య టెలిఫోనికా సంస్థతో కలిసి మిరియాదా ఎక్స్ అనే బోధనావేదికను నెలకొల్పింది. ఖాన్ అకాడమీ స్పానిష్ పాఠాలు కూడా ఆ సంవత్సరపువే. ఈ ఉద్యమం మంచిది. ఒకచోట చక్కగా చెప్పిన పాఠం భాష అడ్డు లేకుండా మరొకచోటికి చేరటం కంటె విద్యావంతులు కోరదగినది ఏమున్నది? నా అభ్యంతరం ఉద్యమం మీద కాదు, ఇటువంటి ఒడంబడికలలో అనువాదకునికి ఇచ్చే స్థానం మీద. అతనిని లేఖకునిగా కాక అధ్యాపకునిగా చూడాలని, అంటే మూలాన్ని మార్చే అధికారం అతనికి ఒడంబడికలోనే రాసి ఇవ్వాలని నా అభిప్రాయం.

దీనికి కారణాలు గణితం లోపలే ఉన్నాయి. ఇంగ్లీషులో 'డిఫరెన్షియబుల్' అనే ఒకే విశేషణం ఏకచలరాశి ప్రమేయానికీ, బహుచలరాశి ప్రమేయానికీ చెల్లుతుంది. స్పానిష్ ఆచార్యులు మొదటిదానిని 'దెరివాబ్లె' అనీ రెండవదానిని 'దిఫెరెన్సియాబ్లె' అనీ వేరుచేస్తారు. ఈ భేదం అలంకారం కాదు. ఒక్క చలరాశి ఉన్నప్పుడు అవకలజం ఉంటే చాలు. పలు చలరాశులు ఉన్నప్పుడు పాక్షికావకలజాలన్నీ ఉన్నా ప్రమేయం అవకలనీయం కాకపోవచ్చును. విద్యార్థి తడబడే ఆ మలుపులో స్పానిష్ పరిభాష దారి చూపిస్తున్నది. నిఘంటువును నమ్మి రెండుచోట్లా ఒకే మాట వేసిన అనువాదం వ్యాకరణరీత్యా నిర్దుష్టమై, బోధనరీత్యా ఆ దీపాన్ని ఆర్పివేస్తుంది. మన 'అవకలనీయం' కూడా రెండింటికీ ఒకటే కావటం ఇక్కడ గమనింపదగినది.

'ఫీల్డ్' అనే మాట ఇటువంటిదే. బీజగణితంలో దానిని స్పెయిన్‌వారు శరీరమనే అర్థం గల 'క్వెర్పో' అంటారు. సదిశల ప్రస్తావనలో పొలమనే అర్థం గల 'కాంపో' అంటారు. లాటిన్ అమెరికాలో కొందరు రెండింటికీ 'కాంపో'నే వాడతారు. ఇందుకు విరుద్ధమైన చిక్కు 'రాంగో'ది. మాత్రిక 'ర్యాంకు'కు అదే మాట, ప్రమేయపు వ్యాప్తికి చాలామంది వాడేదీ అదే. ఇంగ్లీషులో రెండు మాటలుగా ఉన్నవి ఇక్కడ ఒకటైపోయి, ఒకే పుటలో రెండూ వస్తే వాక్యం అయోమయమవుతుంది. 'బిలియన్' అంటే ఇంగ్లీషులో వంద కోట్లు. అదే రూపంలో ఉన్న స్పానిష్ 'బిల్యోన్' లక్ష కోట్లు. వేయి రెట్ల తేడా!

వీటన్నిటి కంటె ఘోరమైనది ఒక చిన్న గుర్తు. స్పెయిన్‌లో, అర్జెంటీనాలో దశాంశానికి కామా పెట్టటం సంప్రదాయం, మెక్సికోలో బిందువు. అచ్చుపుస్తకంలో పాఠకుడు సందర్భాన్ని బట్టి సర్దుకుంటాడు. అంతర్జాలపాఠంలో జవాబును దిద్దేది యంత్రం. ఇంగ్లీషు పద్ధతికి అమర్చిన యంత్రానికి బ్యూనస్ ఐరిస్ విద్యార్థి మూడున్నరను కామాతో రాసి పంపితే అది మూడు, ఐదు అనే రెండు సంఖ్యలుగా కనబడవచ్చును. మూడువేల ఐదువందలలో వేలస్థానం తరువాత అతడు తన అలవాటుకొద్దీ బిందువు పెడితే యంత్రం దానిని నిస్సంకోచంగా మూడున్నరగా స్వీకరించవచ్చును. లెక్క తెలిసినవాడికి సున్న మార్కులు వస్తాయి. ఎందుకు వచ్చాయో చెప్పేవారు దగ్గర ఉండరు. ఒంటరిగా, రాత్రివేళ, ఉద్యోగం ముగించుకొని చదువుకొనేవాడు అట్టి రెండు మూడు సున్నల తరువాత గణితం తనకు రాదనే నిశ్చయానికి వస్తాడు. 'సెనో' చేయని అపకారం కామా చేస్తున్నదని నేననటం ఇందుకే. పరిభాషాసంఘాలు అసుందరమైన మాటల మీద రోజులు గడిపి, అర్థం చీలే చోట్లను వదిలివేయటం మన వద్ద కూడా లేకపోలేదు. ఏ తత్సమం శ్రుతిపేయమనే చర్చలో నేనూ కాలం గడిపినవాడనే.

ప్రతి దేశమూ తనకు తోచినట్లు మార్చుకొంటే స్పానిష్ పాఠం ఇరవై ముక్కలు కాదా అని విజ్ఞులు ఆక్షేపించవచ్చును. ఆక్షేపణ బలమైనదే. కాని ఆ భాషాసమాజానికి ఈ సమస్య కొత్తది కాదు. 1951లో మెక్సికోలో సమావేశమై వివిధ దేశాల భాషాపరిషత్తులు ఒక సంఘంగా ఏర్పడ్డాయి. నేడు అందులో 23 పరిషత్తులున్నాయి. దశాంశచిహ్నం విషయంలో వారి 2010 నాటి వర్ణక్రమగ్రంథం ఏకరూపత కోసం బిందువును సిఫారసు చేస్తూనే కామా కూడా సాధువేనని అంగీకరించింది. మూలధాతువు ఒకటిగా ఉంచి ప్రత్యయాలను ప్రాంతానికి విడిచిపెట్టటం వంటిది ఇది. అచ్చులో రెండు ప్రతులు వేయవలసిన చోట కంప్యూటరు ఒకే ప్రతిని రెండు విధాల చూపగలదు గనుక వ్యయమనే సాకు కూడా చెల్లదు.

ఇక అధికారం మాట. టొలేడో అనువాదకులు ఇద్దరిద్దరుగా పనిచేసిన సందర్భాలున్నాయి. అరబ్బీ తెలిసినవాడు మూలాన్ని చూస్తూ అక్కడి వాడుకభాషలో చెప్పేవాడు. రెండవవాడు దానిని లాటిన్‌లో రాసేవాడు. అంటే నేటి స్పానిష్‌కు పూర్వరూపం ఆనాడు రెండు శాస్త్రభాషల మధ్య నోటిమాటగా వచ్చి మాయమైపోయేది. 13వ శతాబ్దిలో పదవ అల్ఫాన్సో రాజు ఖగోళగ్రంథాలను కాస్తీలియన్‌లోనే నిలిపించాడు, వంతెన తీరమయింది. 1556లో మెక్సికో నగరంలో అచ్చయిన హువాన్ దియెజ్ గణితసంగ్రహం అమెరికా ఖండాలలో ముద్రణ పొందిన తొలి గణితగ్రంథం. అందులో వెండిబంగారాల మారకపు పట్టికలు విస్తారంగా ఉన్నాయి, అక్కడి పాఠకులకు కావలసినవి అవి గనుక. 20వ శతాబ్దిలో హూలియో రేయ్ పాస్తోర్ స్పెయిన్ నుంచి అర్జెంటీనా వెళ్ళి అక్కడ బోధిస్తూ రాసిన గ్రంథాలు సముద్రానికి రెండు వైపులా పాఠ్యాలయ్యాయి. వీరెవరూ ఒకరి మాటను మరొక మాటతో నింపినవారు కారు. తమ ఎదుట కూర్చున్నవారిని చూసి రాసినవారు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన యథామూలానువాదానికి కట్టుబడక, లెక్కలను తన పాఠకులకు తగినట్లు మలచుకొన్న సంగతి మనం ఎరిగినదే. ఆయనకు ఆ అనుమతి ఇచ్చిన ఒడంబడిక ఏదీ లేదు. నేడు అది లేనిదే పని జరగదు.

యంత్రానువాదం వచ్చిన తరువాత పుటల లెక్కన, గంటల లెక్కన అనువాదాన్ని కొలిచే ఒప్పందాలకు అర్థం పోయింది. తొలిప్రతి క్షణాలలో సిద్ధమవుతున్నది. మిగిలినది 'దెరివాబ్లె' వద్ద ఆగి ఆలోచించే మనిషి పని. ఆ మనిషి బొగోటాలోనో లీమాలోనో మొదటి సంవత్సరం తరగతికి పాఠం చెబుతున్న అధ్యాపకుడై ఉండాలి. అతడు మార్చిన ఉదాహరణ మూలవిశ్వవిద్యాలయానికి తిరిగి చేరే మార్గం ఉండాలి. మూలంలోని దోషం అనువాదకునికే ముందు కనబడటం మనకందరకూ అనుభవమే గదా. తెలుగుకు కూడా 2014 తరువాత రెండు రాష్ట్రాలున్నాయి. గణితపరిభాషను ఉమ్మడిగా సరిచూసుకొనే ఏర్పాటు ఇక్కడ విశ్వవిద్యాలయాల మధ్య కావలసి ఉన్నది. అది కూడా భాషాపండితులూ గణితాధ్యాపకులూ ఒకే బల్ల వద్ద కూర్చొనేది కావాలి.

ఒప్పందాలలో చేర్చదగిన మరొక నిబంధన ఉన్నది: అనువదించిన అధ్యాపకుని పేరు పాఠం మీద ఉండాలి, ఆ శ్రమ అతని పదోన్నతిలో పరిశోధనతో సమంగా లెక్కకు రావాలి. టాలెమీ ఖగోళగ్రంథాన్ని లాటిన్‌లోకి తెచ్చిన క్రెమోనా గెరార్డు చేసిన అనువాదాల పట్టికను ఆయన శిష్యులు భద్రపరిచారు. ఆ గ్రంథాన్ని పక్కన కూర్చొని ఆయనకు వినిపించినవాడు గాలిబ్. టొలేడో చూడవచ్చిన మోర్లీ డేనియల్ అనే ఇంగ్లీషు యాత్రికుడు తన రచనలో ప్రస్తావించటం వలన ఆ పేరు మనకు తెలిసింది.